దొరసాని చేతులు

మా గేటు దాటి లోపలికి అడుగుపెడితే మీరు పద్దెనిమిదివందల ఎనభై ఏడులో ఉన్నట్టు. ఈ మాట నేను రోజూ చెబుతాను. రోజూ ఎవడో ఒకడు జేబులోంచి ఫోను తీస్తాడు. "అదేమిటండీ అయ్యగారూ, పొడుం డబ్బీయా?" అని అడుగుతాను. నవ్వి లోపల పెట్టుకుంటే సరే. లేకపోతే నా మొహం చూసి పెట్టుకుంటాడు. బట్లరు వేషానికి నన్ను తీసుకున్నదే ఈ మొహం చూసి అని మావాళ్ళు అంటారు, వాళ్ళ మొహాలు మహా అందంగా ఉన్నట్టు.

నా పేరు దాలినాయుడు. పద్యనాటకాల్లో దుర్యోధనుడు కట్టి, యముడు కట్టి, పిలిచేవాళ్ళు తగ్గాక ఈ మంచుగెడ్డ ఎస్టేటులో తేలాను. విశాఖ మన్యంలో కాఫీ తోటల మధ్య, విక్టోరియా రాణిగారి కాలంలో ఒక తెల్లదొర కట్టుకున్న బంగళా ఇది. దాన్ని బాగుచేసి, లోపల ఆనాటి బతుకును ఉన్నదున్నట్టు నడిపిస్తున్నారు. వంటింట్లో కట్టెల పొయ్యి, హాల్లో తాడుతో లాగే పంకా. చూడవచ్చినవాళ్ళకు కూడా కోట్లు, గౌన్లు, తలపాగాలు తొడిగి దొరవారి అతిథులుగా లోపలికి పంపుతాం. తోటమాలి, వంటవాడు, బట్లరు, దొరసాని అందరం వేషగాళ్ళమే. దొర ఏడీ అని అడిగితే వేటకు వెళ్ళారని చెబుతాను. రోజూ వేటే పాపం, ఆ వేషానికి మనిషి కుదరలేదు.

దొరసాని మా వరహాలు. నాతోపాటు ఊరూరా నాటకాలాడిన మనిషి. సావిత్రి కట్టి, నేను యముడినై ఎదురుగా నిలబడితే, నిజంగానే ప్రాణం వెనక్కిచ్చేద్దామనిపించేది. దొరసానిగా కొత్తలో ఒకాయన, మీసం తిప్పుతూ, "ఇంత చామనచాయ దొరసాని ఎక్కడుందండీ?" అని నలుగురిలో అడిగాడు. వరహాలు కంగారు పడలేదు. టీ కప్పు ఆయన చేతికిచ్చి, "మీరు ఈ దేశంలో ఇరవై వేసవులు ఉండండి. తరువాత మీ రంగు గురించి మనము మాట్లాడెదము" అంది, అచ్చం దొరల తెలుగులో. ఆయన లేచి నిలబడి సలాం కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు.

వంటింట్లో గిన్నెలు తోమే పనిపిల్ల వేషం వరహాలు కూతురు మంగది. మంగకు పుట్టుచెవుడు, మాట లేదు. లోపల ఎనభై ఏడు తర్వాతి మాట ఒక్కటీ దొర్లకూడదన్నది మా నియమం కదా, దాన్ని తప్పనిది మొత్తం బంగళాలో మంగ ఒక్కతే.

మాట లేదంటే వాళ్ళిద్దరూ మాట్లాడుకోరని కాదు. అమ్మో! మంగ పసితనమంతా నాటకం బళ్ళ మీదే గడిచింది. బడి లేదు, చెప్పేవాళ్ళు లేరు. తల్లీబిడ్డలే చేతులతో ఒక భాష కల్పించుకున్నారు. వరహాలు రంగస్థలం మనిషి, ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా కనిపించేలా చెయ్యి ఎత్తడం అలవాటు. అందుకని వాళ్ళ భాషలో అన్నీ పెద్దవే. వాన అంటే రెండు చేతులూ తలపైకెత్తి వేళ్ళు జలజల జారవిడవాలి. కోపమంటే లేని పమిటను భుజం మీంచి విదిలించాలి. నా పేరుకు రెండు చేతులతో పొట్ట ముందు బాన చుట్టాలి. ఈ పేరు మార్చమని మంగను ఎన్నోసార్లు బతిమాలాను. వినదు. గేటు బయట మేముండే క్వార్టర్ల అరుగు మీద కూర్చుని తల్లీబిడ్డలు పోట్లాడుకుంటుంటే నేను ముక్క ముక్కా పట్టుకుని నవ్వుకునేవాడిని. ఆ భాష మాట్లాడేవాళ్ళు భూమ్మీద ఇద్దరున్నర మంది. ఆ అర నేను.

అలా ఉండగా, బంగళా అటక మీద ఒక పెట్టె దొరికింది. అందులో అసలు దొరసానిది, ఊదారంగు పట్టుగౌను. దాని వెంట డాక్టర్ ఇందుమతిగారు దిగారు. మందులిచ్చే డాక్టరు కాదు, బట్టల మీద పరిశోధన చేసే మనిషి. గేటు బయటి పాత గుర్రాలసాలలో మిషన్లు పెట్టి ప్రయోగశాల చేసుకుంది. మొదటి రోజే నా చొక్కా భుజం పట్టి వెలుతురులోకి తిప్పి చూసి, "మీరు ఎడమ మోచేతి మీద ఒరిగి కూర్చుంటారు. కుడి భుజం మాటిమాటికీ గోక్కుంటారు. జేబులో పొడుం పెట్టుకుంటారు, అడిగితే లేదంటారు" అంది.

"ఒలమ్మో! సోదెమ్మవేటి తల్లీ నువ్వు?" అన్నాను.

"నేను కాదు నాయుడుగారూ, మీ చొక్కా చెప్పింది. మనిషి కదిలిన ప్రతిసారీ ఎక్కడో ఒక పోగు అరుగుతుంది. ఏళ్ళు తొడిగిన బట్టలో మనిషి కదలికంతా ఉంటుంది. మా మిషన్ పోగు పోగూ చదువుతుంది."

చదవడంతో ఆగలేదు. పాత దొరసాని గౌనులో చదివినదాన్ని ఒక కొత్త గౌనులో నేయించింది. పైకి మామూలు పట్టే. లోపల వెంట్రుక కన్నా సన్నటి పోగులు, వాటంతటవే బిగుస్తాయి, వదులవుతాయి. వరహాలు దాన్ని తొడుక్కుని, తన ధోరణిలో చెయ్యి బారజాపి టీ కప్పు అందుకోబోయింది. చంక దగ్గర గౌను బిగిసింది. మోచెయ్యి నడుముకు ఆనించి, మణికట్టు మాత్రం చాపింది. గౌను వదులైంది.

"నాయుడన్నా! ఎవులో నా సెయ్యి అట్టుకుని నడిపిస్తన్నారు" అంది వరహాలు. భయపడలేదు. కొత్త గురువు దొరికిన శిష్యురాలిలా ఆమె కళ్ళు మెరిశాయి.

ఆ వేసవంతా ఆ గురువు దగ్గర నేర్చుకుంది. కూర్చోవడం, లేవడం, మెడ తిప్పడం, వినడం. వానలు పట్టేనాటికి సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, ఒక మధ్యాహ్నం టీ పళ్ళెంతో హాల్లోకి వెళ్ళి నిలబడిపోయాను. కిటికీ పక్కన ఒక తెల్లదొరసాని కూర్చుని ఉంది. చేతి మీద చెయ్యి, రెండూ ఒళ్ళో, కదలిక లేదు. అందులో నా వరహాలు కోసం వెతికాను, దొరకలేదు. ఇన్నేళ్ళు కలిసి ఆడిన నాకే ఒళ్ళు జలదరించింది. ఆహా, ఇదీ వేషమంటే అనుకున్నాను. ఆనందంతో కళ్ళనీళ్ళు వచ్చాయి, వచ్చాయని చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. అతిథులు గుసగుసగా కూడా మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయారు.

పేరొచ్చింది. పట్నాల నుంచి వరహాలును చూడడానికే వచ్చేవాళ్ళు. ఆ సంబరంలో కొత్తబట్టలు కుట్టించుకుని, నాటకాల నాటి నుంచీ ఇంట్లో తొడుక్కున్న పాత జాకెట్లూ చీరలూ మూటగట్టి, పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేదానికి వేసేసింది. ఒక పెద్ద బేసిన కోసం ఇద్దరూ ఎంత బేరమాడుకున్నారంటే, మధ్యవర్తిగా నేను వెళ్ళి అరిస్తే గానీ తెమల్లేదు.

తర్వాత ఒకరోజు క్వార్టర్ల దగ్గర దండెం మీద ఆరేసిన బట్టలన్నీ వానకు ముద్దయిపోయాయి. వరహాలు కూతురి మీద మండిపడింది. "వానొస్తన్నాది, బట్టలు తియ్యే అని సెప్పినాను గదా! గుమ్మంలో నిలబడి సెప్పినాను. నన్ను సూసి కూడా కదల్నేదు, సూడన్నా!"

చెప్పలేదంటుంది మంగ. చూశాను గానీ నువ్వేమీ అనలేదంటుంది. ఆడపిల్ల బద్ధకమని నేను నవ్వేసి ఊరుకున్నాను.

మర్నాడు వంటింటి వెనక, గిన్నెలు తోముతూ తోముతూ, మంగ నా కోటు పట్టి లాగింది. చేతులు తుడుచుకుని అడిగింది. "అమ్మకి నా మీద కోపమా? నాతో మాటాడతం నేదు. మాటాడితే గొణుగుతాది."

చేతులతో గొణగడమేమిటి అనుకున్నాను. ఆ పూట భోజనాల దగ్గర కాచి చూశాను. చూస్తే, నిజం. వరహాలు మోచేతులు నడుము వదలడం లేదు. మాటలన్నీ ఒక అన్నం కంచం అంత చోటులో అయిపోతున్నాయి. వేళ్ళ చివర్లు మాత్రం కాస్త కదిలి ఆగిపోతున్నాయి. ఒంటి మీద గౌను లేదు. నూలు చీరే ఉంది.

"వరాలూ, నీ సేతులకేటయిందే?" అన్నాను.

"ఏటవుద్ది? ఎప్పట్నాగే ఉన్నాయి."

"వాన అను."

అంది. అంటే, అన్నాననుకుంది. నేను లోపలి నుంచి అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకున్నాను. "మళ్ళీ అను." వరహాలు వాన అంది. ఆమె లెక్క ప్రకారం చేతులు తలపైన ఉన్నాయి. అద్దంలో రొమ్ము కూడా దాటలేదు. ఒకసారి చేతుల వంక చూసుకుంది, ఒకసారి అద్దం వంక. బలవంతాన ఇంకాస్త పైకెత్తబోతే భుజాలు వణికాయి.

"ఒలమ్మ నాయనో," అంది సన్నగా. "నా సేతులు నాకే అబద్దం సెప్తన్నాయన్నా."

కంగారుగా కూతురి వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. అదీ గొణుగుడే. మంగ కాసేపు ఆ వేళ్ళ వంక కళ్ళు చికిలించి చూసింది, అర్థం చేసుకుందామని చూసింది పాపం. చివరికి కళ్ళు మూసుకుంది. చెవిటి మనిషి కళ్ళు మూసుకుంటే తలుపు వేసేసినట్టే. వరహాలు ఆ మూసిన కళ్ళ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మంగకు వినపడదు కదా.

ఇందుమతిగారిని గుర్రాలసాలలోంచి చెయ్యిపట్టి లాక్కొచ్చాను. దారంతా తిట్టాను కూడా. ఆమె వరహాలు భుజాలు, మోచేతులు పట్టి చూసింది, మిషన్ల ముందు కూర్చోబెట్టి చూసింది. చూసి నేల మీద చతికిలపడింది.

"గౌను తీసేస్తే కదలికా పోతుందనుకున్నాను. పోలేదు. ఒంటికి పట్టేసింది. ఆ దొరసాని ఏళ్ళ తరబడి చేతులు అణుచుకుని బతికింది వరహాలమ్మగారూ. అదంతా మీకు ఎక్కించేశాను. తప్పు నాది" అంది. అదే పూట గౌనును పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. దొరసాని ఒంట్లో బాగాలేక పడుకుందని అతిథులకు చెప్పమంది. అంత చదువుకున్న మనిషి, పేరు తెచ్చే ప్రయోగం, చటుక్కున ఆపేసింది. మనసులో ఆమెకు దండం పెట్టుకున్నాను. పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాను.

కాసేపటికి ఆమే లేచి, "ఒక దారుంది" అంది. "మీరు ఇంట్లో తొడుక్కున్న పాత జాకెట్లు ఇవ్వండి. ఏళ్ళ తరబడి మంగతో మాట్లాడిన చేతులు కదా, ఆ మాటలన్నీ చంకల దగ్గరా భుజాల దగ్గరా అరిగి ఉంటాయి. మీ జాకెట్టు నుంచి మిమ్మల్నే నేయిస్తాను. అది మీకు మిమ్మల్ని నేర్పుతుంది."

వరహాలు నా వంక చూసింది. నేను వరహాలు వంక చూశాను. అరుగు మీద కొత్త స్టీలు బేసిన తళతళా మెరుస్తోంది.

"ఏమైంది?" అంది ఇందుమతి.

చెప్పాం. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను జీపులో ఎక్కించుకుని, ఆ స్టీలు సామాన్లదాని ఊరు వెతుక్కుంటూ ఘాట్ దిగింది. అది దొరికింది గానీ మూటలు ఎప్పుడో దాటిపోయాయి. మిషన్లు తుడవడానికి గుడ్డపీలికలుగా కోసి అమ్మేస్తారట. ఏ మూట ఎటు పోయిందో ఎవరు చెప్పగలరు? ఇంట్లో చిరిగిన గుడ్డ ఉంటే దరిద్రమని ఊడ్చి బయటపడేసే జాతి మనది. ఎవర్ని అని ఏం లాభం?

వెనక్కి వస్తూ ఇందుమతి ఇంకో ఉపాయం ఆలోచించింది. తల్లి దగ్గరే కదా మంగ ఆ భాష నేర్చింది, మంగ జాకెట్టు చదివితే సరి. క్వార్టర్లకు రాగానే ఆ మాట చెప్పింది. వరహాలు వెంటనే తల అడ్డంగా ఊపింది.

"ఇంకో జాకెట్టా? వొద్దు డాక్టరమ్మా. ఒక గుడ్డ దగ్గర నేర్సుకున్నది సాలు."

"మరి ఎలాగమ్మా?"

నేను నా అర భాషలో సంగతంతా మంగకు చెప్పాను. మంగ వింటూనే లేచింది, అంటే చూస్తూనే. గిన్నె పక్కన పెట్టి, తల్లి వెనకాల కూర్చుంది. తన చేతులు తల్లి చంకల కిందుగా పోనిచ్చి, రెండు మోచేతులూ పట్టుకుని, పైకెత్తింది. వరహాలు అబ్బా అని అరిచింది. మంగ ఆగలేదు, అరుపు వినపడితే కదా. నెత్తి దాటించి, వేళ్ళను తన వేళ్ళతో విదిలించింది. వాన.

ఆ రోజు నుంచీ పని అయ్యాక రోజూ అదే. పలక మీద అక్షరాలు దిద్దించే తల్లులను చూశాను గానీ, తల్లికి దిద్దించే కూతుర్ని మొదటిసారి చూశాను. ఏం పంతులమ్మ! చెయ్యి చాలలేదంటే మోచేతి మీద ఒక దెబ్బ. మళ్ళీ అను. ఊహూఁ, మళ్ళీ. నాకు దుర్యోధనుడి పద్యాలు నేర్పిన గురువు బెత్తం పట్టుకుని కూడా ఇంత సతాయించలేదు. వరహాలు ఒకరోజు విసుక్కునేది, ఒకరోజు ఏడ్చేది, ఒకరోజు అలిగి పడుకునేది. మర్నాడు మళ్ళీ తనే వచ్చి మంగ ముందు వీపు పెట్టి కూర్చునేది. డాక్టరమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని చేతులు తిప్పడం మొదలుపెట్టింది. మిషన్లతో బట్టలు చదివే మనిషికి అన్నం, నీళ్ళు, వాన అనడానికే వారాలు పట్టింది. సరే, ఆ భాషకు ఒక పావు మనిషి పెరిగింది.

చేతులు మెల్లగా లేచాయి. కానీ నాకొకటి తోచింది. అవి పాత వరహాలు చేతులు కావు. రంగస్థలం రాణిలా నిదానంగా, నిండుగా ఉండేది ఆమె మాట. ఇప్పుడు మంగలాగా చకచకా, తెగ్గొట్టినట్టు మాట్లాడుతోంది. కూతురి యాస తల్లికి పట్టింది. పాత మాటతీరు ఇక రాలేదు. ఆ సంగతి వరహాలుకు తెలుసు. ఒకసారి నాతోనే అంది, "పోయిందేదో పోనాదన్నా. నా కూతురికి అర్దమౌతన్నాది, సాలదేటి?"

చలి మొదలయ్యాక వరహాలు మళ్ళీ దొరసాని కడతానంది. ఇందుమతి హడలిపోయింది.

"గౌను ఇవ్వను. కాలుస్తాను గానీ ఇవ్వను."

"ఎవులడిగినారమ్మా నీ గౌను? దర్జీ కుట్టింది సాలు."

"గౌను లేకపోయినా ఆ కదలిక మీ ఒంట్లోనే ఉంది. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుని చేతులు అణిచారంటే మళ్ళీ పట్టేస్తుందేమో. ఈసారి వదలకపోతే?" అంటూ మంగ వైపు చూసింది. మంగ కూడా ఒప్పుకోలేదు. వద్దని ఒకటే మాట.

వరహాలు కూతురి ఎదుట నిలబడి చేతులతోనూ నోటితోనూ కలిపి చెప్పింది. "వేసం కట్టడం వొచ్చినోలికి ఇప్పడం కూడా రావాల. ఆ గౌను నాకు కట్టడం నేర్పింది గానీ ఇప్పడం నేర్పనేదు. ఇప్పడం దానికేటి తెలుసు, అది గుడ్డ! సావిత్రి కట్టినాను, సంద్రమతి కట్టినాను, పొద్దున్నే మొకం కడుక్కుని నీకు గెంజి కాసినాను. ఇప్పుడు బయపడి మానీసేనంటే ఆ దొరసాని గెలిసినట్టే కదేటే?"

మంగ తల ఊపింది. మనస్ఫూర్తిగా కాదు.

ఆ రోజు బంగళా నిండా అతిథులే. వరహాలు దర్జీ కుట్టిన మామూలు గౌను తొడుక్కుని కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళు బిగించే పోగులు లేవు, నేర్పేవాళ్ళు లేరు. చేతి మీద చెయ్యి వేసుకుంది, అంతే, గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఇంతకుముందు కన్నా బాగా చేసింది. ఆ కదలని చేతుల వెనక ఏదో చెప్పుకోలేక కుమిలిపోతున్న మనిషి ఉందని ఇప్పుడు నాకు కనిపించింది. ఒక పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. వంటింటి గుమ్మంలోంచి మంగ పని మానేసి తల్లి చేతుల వంకే చూస్తోంది. నేను కసిరినా కదల్లేదు.

వేళయ్యాక అతిథులు కోట్లూ గౌన్లూ అప్పగించి బస్సు కోసం వరసలో నిలబడ్డారు. మంగ ముందే క్వార్టర్ల వైపు దిగిపోయి, దిగువన మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. తల్లి దగ్గరికి రావడానికి దానికి ధైర్యం చాలలేదు. ఇందుమతి గుర్రాలసాల గుమ్మంలో నిలబడింది.

వరహాలు గేటు దాటి ఆగింది. చేతులు ఇంకా నడుము దగ్గరే, ఒకదాని మీద ఒకటి. అలా ఎంతసేపు నిలబడిందో! వరాలూ, తియ్యే, వేషం తియ్యే తల్లీ అని లోపల్లోపలే మొక్కుకున్నాను. మలుపు దగ్గర మంగ కళ్ళార్పకుండా చూస్తోంది.

వరహాలు గట్టిగా ఒక ఊపిరి తీసుకుంది. చేతులు విడిపోయాయి. భుజాలు దాటాయి, తల దాటాయి. లేని పమిట విదిలించింది. అంత దూరానికీ కనిపించేలా, బారలు చాపి, గాలిని కోసేస్తున్నట్టు మొదలుపెట్టింది. నేను అందుకున్నంతవరకు చెబుతాను. "పొద్దున్న పాలు పొంగించీసి, గిన్నె తోమకుండా వొగ్గీసి, దొరసానమ్మనాగ ఎల్పోనావేటే? సీమలు పట్టీసినాయి! నా వొంక అలగ గుడ్లప్పగించి సూస్తే గిన్నె సుబ్రమైపోద్దా? నాయుడు మావ ముందు నా పరువు తియ్యడానికేనా..." మధ్యలో నా పొట్ట బాన కూడా వచ్చింది. ఈసారి మాత్రం నాకు కోపం రాలేదు. వరసలో ఉన్న జనమంతా నోళ్ళు తెరిచి, తల ఎత్తి చూస్తున్నారు. ఇందుమతి గుమ్మానికి ఆనుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది.

మంగ ఆ జనం వంక చూసింది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, గబగబా చేతులు ఊపింది.

"అరవకే అమ్మా, అందరూ సూస్తన్నారు."

వరహాలు చేతులు ఇంకాస్త పైకెత్తింది.